రెండో వరస

నిలబడి నాటకం చూడటం మా నాయనకు కష్టం కాదు, అలవాటు. కష్టమంతా నాకే. శింగనమలలో పొద్దున ఏడింటి బస్సెక్కి, అనంతపురంలో ప్యాసింజరు రైలు పట్టుకుని, గుంతకల్లులో దిగి ఎండలో నడిచి వచ్చిన డెబ్బై రెండేళ్ల మనిషిని ఎగాదిగా చూసి, గేటు దగ్గర మెడలో బిళ్ల వేసుకున్నాయన "పాసుండాదా?" అన్నాడు. లేదన్నాను.

"పాసు లేనోళ్లు వెనకాల నిలబడాలమ్మా. కుర్చీలన్నీ డోనర్లకే."

"ముందు వరసలో కూచోబెడతానని వంశన్నే ఫోన్ చేసి చెప్పినాడు" అన్నాను.

"వంశన్న అందరికీ అట్లే చెప్తాడు" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. ఈ నాటకమూ వద్దు, ఈ మర్యాదా వద్దు, పద పోదాం అందామని వెనక్కి తిరిగితే, నాయన అప్పటికే లోపలికి వెళ్లి, కొయ్య కటకటాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ల నుంచి చూడటానికి వచ్చినప్పుడల్లా ఆయన నిలబడే చోటు అదే. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

ఈ వాణీ నాటకశాల కట్టి నూట పదేళ్లు దాటింది. పత్తి వ్యాపారంలో కలిసొచ్చిన ఒక సావుకారు కట్టించాడు. రాతి స్తంభాలు, రేకుల కప్పు, ముందు కుర్చీలు, వాటి వెనక బెంచీలు, బెంచీల వెనక నడుమెత్తు కటకటం. కటకటానికి ఇవతలున్న జాగాను దొడ్డి అంటారు. రైలు పట్టాల మీద పనిచేసే కూలీలు, మిల్లు హమాలీలు, పల్లెల నుంచి వచ్చే గొర్రెల కాపర్లు కూర్చుంటే కుర్చీల్లో ఉన్నవాళ్లకు నామోషీ అని సావుకారు వాళ్లను నిలబెట్టాడు. పశువులను తోలే చోటి పేరే దీనికీ పెట్టారంటే మన మీద గౌరవం ఎంతో తెలుస్తూనే ఉంది.

అయితే దొడ్డివాళ్లు ఊరికే పడి ఉండలేదు. ఒక హక్కు సంపాదించుకున్నారు. ఈ హాల్లో పద్యానికి 'వన్స్ మోర్' అనే హక్కు దొడ్డిదే. కుర్చీల్లో వాళ్లు కావాలంటే చప్పట్లు కొట్టుకోవచ్చు, అంతే. దొడ్డిలోంచి ఒక్క గొంతు లేచి వన్స్ మోర్ అంటే, రాజు వేషం కట్టినవాడు ఎంత ఆసామి అయినా పద్యం మళ్లీ ఎత్తుకోవాలి. యుద్ధంలో చచ్చి పడినవాడు కూడా లేచి, పద్యం పాడి, మళ్లీ చచ్చిన రోజులున్నాయని నాయన చెప్పి నవ్వించేవాడు.

చెప్పడం, నవ్వించడం రెండేళ్ల కిందటి మాట. గొంతులో పుండు లేచి, బెంగళూరు పెద్దాసుపత్రిలో స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ. ఊపిరి అక్కడి నుంచే. మాట్లాడాలంటే పెదాలు కదిలిస్తాడు, చప్పుడు మాత్రం రాదు. ఆ పెదాలు చూసి నేను చదువుకుని, పక్కవాళ్లకు వినిపిస్తాను. అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దించే నేను నలభై నాలుగేళ్లకు ఈ కొత్త చదువు చదివాను. రెండేళ్లలో ఎంత వచ్చిందంటే, బస్సులో అద్దానికి అవతల ఎవరైనా తిట్టుకుంటున్నా నాకు తెలిసిపోతుంది. సుఖమేమీ లేదు దానివల్ల.

మా నాయన పేరు తిప్పేస్వామి. ఈ చుట్టుపక్కల నాటకాల వాళ్లకు బావి పద్యం తిప్పేస్వామి. పదహారేళ్లప్పుడు గొర్రెలు అమ్మడానికి వచ్చి, ఈ దొడ్డిలో నిలబడి 'మణికేతు మహారాజు' నాటకం చూశాడట. కరువులో దేశం పట్టిపోయిన రాజు, మారువేషంలో తన రాజ్యానికే తిరిగి వచ్చి, తాను తవ్వించిన బావి దగ్గరే నీళ్లడుగుతాడు. కావలివాడు తాగనివ్వడు. అప్పుడు రాజు కావలివాడితో తగువు పడడు, బావితో మాట్లాడతాడు. నీ మొదటి చెంబు నీళ్లు ఎవరి దోసిట్లో పోశావో నీకైనా గుర్తుందా అని అడుగుతాడు. అదే బావి పద్యం. మా వైపు నీళ్ల సంగతి తెలిసినవాళ్లు ఎవరూ ఆ పద్యం దగ్గర ఊరికే కూర్చోలేరు. నాయన ఆ రోజు గొర్రెల సంగతి మరిచిపోయి, హార్మోనియం పెద్దన్న అయ్యవారి వెంట పడ్డాడు.

పెద్దన్న అయ్యవారు ఆయనకు బావి పద్యం రెండు వరసల్లో నేర్పాడు. మొదటిది అందరికీ తెలిసినదే. మూడో పాదం దగ్గర గొంతు కిందికి దిగుతుంది. వన్స్ మోర్ అన్నప్పుడు పాడాల్సింది రెండో వరస. అదే మూడో పాదం దిగకుండా పైకెక్కి, పైన కాసేపు నిలిచి, అక్కడి నుంచి విరుగుతుంది. మొదటిసారి బావిని అడిగినట్లుంటుంది, రెండోసారి బావి మీద అలిగినట్లుంటుంది. వన్స్ మోర్‌కు పాడిందే పాడితే అది పాడటం కాదు, అప్పజెప్పడం అని అయ్యవారి మాట. ఇంకో మాట కూడా ఉంది. పద్యాన్ని మిషన్లో పట్టకూడదు. పెట్టెలో ఉంది కదా అన్న ధైర్యం వస్తే గొంతులోకి ఎక్కదు అనేవాడట.

ఇంత వచ్చిన మా నాయన ఏనాడూ మణికేతు వేషం కట్టలేదు. మా దగ్గర నాటకం ఖర్చు ఎవరు పెట్టుకుంటే రాజు వేషం వాళ్లది. గొర్రెల కాపరి ఖర్చు ఎక్కడ పెట్టుకుంటాడు? నలభై ఏళ్లు పక్క తెర వెనక నిలబడి మరిచిపోయిన పాదాలు అందించాడు. రాజులందరూ ఆయన దగ్గరే బావి పద్యం నేర్చుకున్నారు, మొదటి వరస రాగానే దండం పెట్టి వెళ్లిపోయారు. రెండోదానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. నేర్చుకోకపోయినా రాజు రాజే కదా.

చివరగా వచ్చినవాడు వంశీ. మా ఊరి ఎర్రన్న కొడుకు. వాళ్ల నాయన రాజకీయం, వీడి గ్రానైటు, రెండూ బాగానే ఉన్నాయి. నాకంటే పద్నాలుగేళ్లు చిన్నవాడు, అయినా ఊళ్లో మేమంతా వంశన్నా అనాల్సిందే. నాయనకు ఆపరేషన్ తేదీ ఇచ్చాక, ఇంకా పదకొండు రోజులుందనగా ఇంటికొచ్చాడు. నాటకశాలను బాగు చేయిస్తున్నారని, తెరిచినప్పుడు మణికేతు తానే వేస్తున్నానని చెప్పాడు. "ఆ గొంతు పోకముందే నాకియ్యి తిప్పన్నా" అన్నాడు. మాట మొరటుదే కానీ, నాయన కళ్లు మెరిశాయి. ఆయనకు చావు భయం లేదు, ఆపరేషన్ భయం లేదు. రెండో వరస తనతోనే పోతుందేమోనన్నదే భయం.

రోజూ పొద్దున వచ్చి మంచం మీద కూర్చునేవాడు. మొదటి రోజే ఫోన్ తీసి మధ్యలో పెట్టాడు. నాయన వద్దన్నాడు. అప్పుడు నేను కల్పించుకున్నాను. గొంతు ఎటూ పోతోంది, పట్టుకోనీ నాయనా, మనకూ ఒకటి ఉంటుంది అన్నాను. నా నోటితో నేనే అన్నాను. మాకూ పంపిస్తానన్నాడు వంశీ. ఈ రోజుకూ పంపలేదు. నాయన మొదటి వరస ఫోన్లో పట్టనిచ్చాడు. చివరి నాలుగు రోజులు మాత్రం, "ఫోను పక్కన పెట్టప్పా. ఇది చెవిలో పెట్టుకో" అని రెండో వరస నోటితోనే నేర్పాడు. పుండు నొప్పికి కళ్ల నీళ్లు కారుతుంటే మూడో పాదాన్ని పైకెక్కించి చూపించేవాడు. ఎన్నిసార్లో. పదకొండో రోజు వంశీ ఒకసారి పాడాడు. వంకరటింకరగా ఉంది కానీ, ఎక్కింది. నాయన వాడి తల మీద చెయ్యి పెట్టాడు. ఇంటికాడ ప్రతిరోజూ పాడుకో, ఏడాదికి నీది అయితాదన్నాడు.

నాకు పాట రాదు. నా గొంతు పిల్లలను అదిలించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అంటే రెండో వరస ఈ లోకంలో ఉంటే వంశీ గొంతులో ఉండాలి, లేకపోతే లేదు. అది చూసుకోవడానికే ఈ ముసలాయన ఇంత దూరం వచ్చి కటకటం పట్టుకుని నిలబడ్డాడు.

సాయంత్రం నాలుగింటికి తెర లేచింది. హాలు నిండింది. దొడ్డిలో మాతో పాటు ఓ యాభై మంది ఉంటారు. రంగులు కొత్తవి, లైట్లు కొత్తవి, స్తంభాలకు గులాబీ కాగితాలు చుట్టారు. హార్మోనియం దగ్గర ఆదెన్న. నాయనతో పాటు పెద్దన్న అయ్యవారి దగ్గర నేర్చుకున్నవాడు. మమ్మల్ని చూసి తలూపి, వెంటనే తల దించుకున్నాడు. హార్మోనియం చూసుకుంటున్నాడేమో అనుకున్నాను.

మొదటి రెండు రంగాల్లో వంశీ తన గొంతుతోనే పాడాడు. పర్లేదు. శ్రుతి రెండు చోట్ల జారింది. నాయన ముఖం చూశాను. పరీక్షకు కూర్చున్న పిల్లవాడి తండ్రిలా ఉన్నాడు. మొదట్లో అందరికీ జారుతుందని నాకు పెదాలతో చెప్పాడు.

బావి రంగం వచ్చింది. లైట్లు తగ్గించారు. చిరిగిన గుడ్డల్లో వంశీ వచ్చి బావి గట్టు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముఖం సగం పక్కకు తిప్పుకున్నాడు. ఆదెన్న శ్రుతి పట్టాడు. పద్యం మొదలైంది.

మొదటి మాటకే పోల్చుకున్నాను. అది మా నాయన గొంతు.

రెండేళ్లు అయింది నేను ఆ గొంతు విని. నన్ను నిద్రలేపిన గొంతు, తిట్టిన గొంతు, మా అమ్మ పోయిన రోజు ఒక్క మాట కూడా రాక ఆగిపోయిన గొంతు. రేకుల కప్పు కింద హాలంతా నిండిపోయి వినిపిస్తోంది. వెనక సన్నగా టక్ టక్ అని చప్పుడు కూడా ఉంది. మంచం కోడు మీద వేలితో తాళం వేసుకునేవాడు, అదే. నాకు ఏడుపొచ్చింది. ముందు సంతోషంతోనే వచ్చింది, ఆ తర్వాతే తెలివి వచ్చింది. వంశీ పెదాల వైపు చూశాను. కదులుతున్నాయి. కానీ ఆ పెదాలు చెబుతున్న మాట ఒకటి, వినిపిస్తున్న మాట ఒకటి. అర మాట వెనకబడి వస్తున్నాయి. రెండేళ్లుగా పెదాలే చదువుతున్నదాన్ని, నన్నెవరు మోసం చేస్తారు?

నాయన వైపు తిరిగాను. ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆయనకు తెలియలేదు. తెలియదు కూడా. తన గొంతును తాను బయటి నుంచి ఏనాడూ విన్నవాడు కాదు. ఫోన్లో పట్టనిచ్చినదాన్నీ తిరిగి వినలేదు. పెద్దన్న అయ్యవారి వరస, తాను నేర్పిన విరుపు, తాను చెప్పిన చోటే ఊపిరి తీసుకున్నట్లు తెలియకుండా గుక్క దాచుకోవడం, అన్నీ ఉన్నాయి. నా చెయ్యి గట్టిగా పట్టుకుని పెదాలు కదిలించాడు.

"చూసినావా పాపా. గుక్క గూడా దాచినాడు."

ఊ అన్నాను. ఇంకేమనాలి? ఈ సంతోషంతోనే ఈయనను రైలెక్కించి ఇంటికి తీసుకుపోతే చాలనుకున్నాను. పద్యం ముగిసింది. కుర్చీల్లో చప్పట్లు. నాయన నా మోచేయి తట్టాడు.

"అడుగు."

"వద్దులే నాయనా. బాగా పాడినాడు గదా."

"రెండోది ఇనాల. అడుగు పాపా."

ఆయన అడగలేడు. అడగడానికి గొంతు లేదు. నేనడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. రెండో వరస ఫోన్లో లేదు. మళ్లీ అదే వస్తుంది. కావలివాడి వేషం వాడు తన మాట ఎత్తుకోబోతున్నాడు, ఒక్క క్షణం నోరు మూసుకుని ఉంటే రంగం ముందుకు వెళ్లిపోతుంది. మూసుకోలేకపోయాను. నాయన అడిగాడు కాబట్టి అరిచానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. సొమ్మొకడిది సోకొకడిది అని వంశీ అక్కడ తలపాగా సర్దుకుంటుంటే నాకు కడుపు మండి అరిచాను. నలుగురి ముందు వాడి బండారం బయటపడాలని అరిచాను.

"వన్స్ మోర్!"

దొడ్డిలో అందరూ నా వైపు చూశారు. ఆడమనిషి అడగడం వాళ్లు ఎన్నడూ వినలేదేమో. తర్వాత ఒకరు, ఆ వెనక పదిమంది, దొడ్డంతా అందుకుంది. కావలివాడు ఆగిపోయాడు. వంశీ పక్క తెర వైపు చూశాడు. ఆదెన్న శ్రుతి వదల్లేదు, వదిలితే ఏం చేయాలో తెలియనట్లు పట్టుకునే ఉన్నాడు. కాసేపటికి పద్యం మళ్లీ మొదలైంది.

నాయన కళ్లు మూసుకుని విన్నాడు. మూడో పాదం వచ్చింది. ఎక్కలేదు. దిగింది. మొదటిసారి ఎక్కడ దిగిందో అక్కడే, ఎంత దిగిందో అంతే. గుక్క కూడా అదే చోట, అదే కొలత. నాయన కళ్లు తెరిచాడు. వాడి మీద కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"బెదిరిపోయినాడు. జనం జాస్తిగుండారు గదా" అన్నాయి పెదాలు. "ఇంగోసారి అడుగు. ఈ తూరి గుర్తొస్తాది."

శిష్యుడి మీద నమ్మకం అంటే అలాంటిది. నాకు అప్పుడైనా చెప్పేయాల్సింది. చెప్పలేదు. మళ్లీ అరిచాను. దొడ్డి కూడా అరిచింది. ఇక్కడివాళ్లకు ఏమీ తెలియదు పాపం, పద్యం బాగుందని అరుస్తున్నారు.

వంశీకి ఈసారి రంగం చేయిదాటింది. ఇంక చాలు అన్నట్లు దొడ్డికి దండం పెట్టి, బావి గట్టు వెనక పెట్టుకున్న సీసా తీసి నీళ్లు తాగుతున్నాడు. సౌండు దగ్గర ఉన్నవాడు అది చూసుకోలేదు. పద్యం మొదలైపోయింది. సీసా నోట్లో ఉండగా, గుటకలు కనబడుతుండగా, మణికేతు మహారాజు దాహంతో బావిని నీళ్లడుగుతున్నాడు.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో చప్పట్లు కొట్టారు. అంతే. ఎవరూ లేవలేదు, ఎవరూ అడగలేదు. కుర్చీల్లో ఫోన్లు పైకెత్తినవాళ్లు ఎత్తినట్లే ఉన్నారు. మా ముందు బెంచీ మీదాయన పక్కవాడితో "ఇప్పుడంతా ఇట్లే గదప్పా, యాడైనా" అన్నాడు. నేను బయటపెట్టిన బండారం అంత గొప్పది. పేదవాడి కోపం పెదవికి చేటని ఊరికే అనలేదు.

నాయన నా వైపు తిరిగాడు.

"ఆ గొంతు ఎవురిది?"

చెప్పక తప్పలేదు. "నీదే నాయనా."

నమ్మలేదు. మళ్లీ అటు తిరిగి విన్నాడు. చెయ్యి తెలియకుండానే మెడ మీది గుడ్డ దగ్గరకు వెళ్లింది. సౌండు వాడు ఆపలేదు, పద్యం చివరిదాకా నడిచింది. అంతసేపూ నాయన తల వంచుకుని విన్నాడు.

"నా గొంతు ఇట్లుంటాదా" అన్నాడు చివరకు. ఆ వెంటనే "వాడు నేర్చుకోల్యా" అన్నాడు.

ఆ రెండో మాటకు నేను కుంగిపోయాను. దొంగతనం గురించి కాదు ఆయన అన్నది. గొంతు వాడుకున్నందుకు కాదు, పేరు చెప్పనందుకు కాదు. ఆ నాలుగు రోజులు, ఆ నొప్పి, మూడో పాదం, అన్నీ వంశీ చెవిలోంచి దులిపేసుకుని వెళ్లిపోయాడు. ఫోన్లో ఉంది కదా అనుకున్నాడు. ఫోన్ పెట్టనిమ్మన్నది నేను.

నాటకం అయ్యాక సన్మానాలు. శాలువాలు, ఫొటోలు. వంశీకి ఏదో బిరుదు ఇచ్చారు. ఈ పద్యం పెద్దల దగ్గర కష్టపడి నేర్చుకున్నానని మైకులో చెప్పాడు. పెద్దలకు పేరు లేదు. నేను నాయనను ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, అప్పటికి బెంచీలు ఖాళీ అయ్యాయి లెండి, వేదిక పక్కకు వెళ్లాను. వంశీ ముఖానికి రంగు తుడుచుకుంటున్నాడు.

"వచ్చినావా అక్కా. తిప్పన్న యాడ?" అన్నాడు, ఏమీ జరగనట్లు.

"ఏమిటికి చేసినావు వంశన్నా ఇట్ల?"

"ఏం చేసినా?"

నేను వాడి ముఖమే చూస్తూ నిలబడ్డాను. రంగు తుడుచుకునే గుడ్డ పక్కన పెట్టాడు.

"నేర్సుకోవాలనే అనుకున్న్యా అక్కా. క్వారీ పన్లు, ఎలచ్చన్లు, టైం యాడుండాది చెప్పు. పాడి చూసినా, రాల్యా. నా గొంతుతో చెడగొట్టేదాని కంటే ఆయన గొంతే నలుగురూ వింటే మంచిది గదా. వెయ్యి మంది విన్యారు ఈ పొద్దు. తెర ఎనకాల ఉన్నోడు హాలంతా వినిపిచ్చినాడు. మంచే చేసినా నేను."

ఘోరం ఏమిటంటే వాడు నిజంగానే అలా అనుకుంటున్నాడు. దొంగను తిట్టవచ్చు. మేలు చేశాననుకునేవాణ్ని ఏమని తిట్టాలి?

"రెండో వరస?" అన్నాను.

"అదేంది?" అన్నాడు.

వాడికి గుర్తు కూడా లేదు. అక్కడ నిలబడితే చెయ్యి చేసుకునేదాన్ని, వచ్చేశాను. ఆదెన్న హార్మోనియానికి గుడ్డ కప్పుతూ, "శ్రుతి కలపమన్యారు, కలిపినా చౌడమ్మా. నేనేం చేసేది" అన్నాడు నేనడగకుండానే. ఆయనను దాటుకుని వెళ్లాను.

సౌండు పెట్టెలు హాలు వెనక మూల ఉన్నాయి. తీగలు చుట్టుకుంటున్నాయన పేరు ఐజాక్ అని ఎవరో చెప్పారు. నలభై ఏళ్లుగా గుంతకల్లులో పెళ్లిళ్లకు, చర్చి పండగలకు మైకులు పెడుతున్న మనిషి. కోపంగానే వెళ్లాను. కానీ ఆయన ముఖం చూస్తే కోపం నిలవలేదు. వాళ్లిచ్చింది వేశాడు, అంతే.

"ఆ బావి పద్యం నాకు కావాలన్నా. ఫోన్లోకి ఇస్తావా?" అన్నాను.

"దానికేమమ్మా, ఎక్కిస్తా. వంశన్న తీసేయమన్యాడు గానీ నాకే మనసు రాల్యా." ఫోన్ అందుకుంటూ ఆగాడు. "మీరే గదా వన్స్ మోర్ అనింది. మూడుసార్లు ఏసినా. నలభై ఏండ్లాయ నేను ఈ పనిలో. ఇట్లాంటి గొంతు ఇనల్యా. ఎవురిదమ్మా ఇది? ఆ పెద్దాయన ఉండాడా?"

నా వెనక నాయన వచ్చి నిలబడ్డాడని నాకు అప్పుడే తెలిసింది. ఐజాక్ ఆయనను చూశాడు, మెడ మీది గుడ్డను చూశాడు, పాపం ఏదో జబ్బు మనిషి అనుకుని చూపు పక్కకు తిప్పుకున్నాడు. నాయన పెదాలు కదిలాయి.

"ఏమంటాండాడు తాత?" అన్నాడు ఐజాక్ నాతో.

ఈ రెండేళ్లలో నాయన అన్న మాటను నేను ఎవరికీ మార్చి చెప్పలేదు. డాక్టరుతో అన్నదీ, ఊళ్లో వాళ్లను తిట్టినదీ, ఉన్నదున్నట్లు వినిపించాను. ఈ ఒక్కటి మార్చి, ఈయనదే అన్నా ఆ గొంతు, నీ ముందర ఉన్నాయనే అని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. నాయన నా ముఖమే చూస్తున్నాడు. చెప్పలేకపోయాను.

"పోయినాడంట" అన్నాను.

"అయ్యో" అన్నాడు ఐజాక్. తీగ చుట్టడం ఆపి నా ఫోన్‌ను పెట్టెకు తగిలించాడు. "మరి శిష్యులెవరన్నా ఉండారా ఆయనకు?"

దానికి నా అవసరం లేకపోయింది. నాయనే తల అడ్డంగా ఊపాడు.